స్వామి పాదాల దగ్గర పెట్టిన తార్

ఎండను, నీడను, చినుకును, మంచును ఎవరికెంత కావాలో అంత కొలిచి పంపే పండరినాథునికి ముందుగా సాష్టాంగ నమస్కారం. మాట ఇచ్చినవాడు ఆయన. ఆ మాటను సగంలో మింగిన నాలాంటివాణ్ని కూడా తన వాకిట్లోంచి గెంటకుండా ముసలితనం దాకా నిలబెట్టినవాడు ఆయన. ఆయన దయ వల్లనే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చి, "తాతగారూ, మీ సర్వీసులో గొప్ప విజయం ఒకటి చెప్పండి" అని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. విజయాలు ఉండే ఉంటాయి, కానీ అడిగిన వెంటనే గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చింది ఆర్మూరులో ఒక వారం. అది విజయం కాదు.

అవి నిజాం రోజులు. దేశాల మధ్య యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది. సైకిల్ టైరు చిరిగితే కొత్తది దొరికే ఆశ లేదు కాబట్టి మేము సైకిల్‌ను ఎక్కడం కంటే నడిపించుకుని పోవడమే ఎక్కువ. నన్ను కామ్‌దారు అనేవారు. అంటే వ్యవసాయ శాఖలో అన్నిటికంటే కింది మెట్టు. రైతుల దగ్గరికి పోయి విత్తనాల గురించి, ఎరువుల గురించి చెప్పేవాడు. దానితోపాటు తాలూకా కచేరీ ఆవరణలో ఒక వాన డబ్బా, గాలి పారే చెక్కపెట్టెలో రెండు ఉష్ణమాపకాలు ఉండేవి. రోజూ పొద్దున వాటిని చూసి రాసి పంపడం కూడా నా పనే. ఊళ్లో నన్ను "వాన డబ్బా పంతులు" అనేవారు.

నా అసలు చదువు మాత్రం కచేరీది కాదు. మా తాత పురాణం చెప్పేవాడు. నాకు అక్షరాల కంటే ముందు శ్లోకాలు వచ్చాయి. ఏకాదశి భజన తప్పిన రోజు నాకు అన్నం సయించేది కాదు. ఆర్మూరుకు బదిలీ అయ్యి దిగిన వారంలోనే విఠలుని గుడి భజన మండలిలో చేరిపోయాను. రెండో ఏడాదికే సప్తాహం పహరా జాబితా నా చేతికి ఇచ్చారు.

సప్తాహమంటే ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నామం ఆగకూడదు. ఒక మనిషి వీణెను భుజాన వేసుకుని స్వామి ఎదుట నిలబడి ఉండాలి. జాముకొకరు మారుతారు. వీణె నేలను తాకరాదు. అది మోస్తున్నవాడు నామం తప్ప మరో మాట ఆడరాదు. ఎవరు ఏ జాముకు నిలబడాలో రాసే పని నాది. ఆ పెత్తనం నాకు కామ్‌దారు ఉద్యోగం కంటే గొప్పగా ఉండేది. ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆ ఏడు సప్తాహం శివరాత్రికీ కామునిపున్నమికీ మధ్య వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని అందరూ అంటారు. ఆ ఏడు కూడా పోయింది. మొదటి రోజు ఎండ చురుక్కుమంది. ఊరి చుట్టూ పసుపు ఉడుకుతోంది. ఆ వాసన గుడిలో అగరుబత్తిని కూడా లెక్కచేయలేదు.

ఆ పొద్దున్నే ఒకామె కచేరీ వరండా ముందుకు వచ్చి నిలబడింది. గుట్ట కింద చివరి పొలం ఆమెది. ముప్పై దాటి ఉంటుందేమో. భర్త పోయి ఏడాది తిరగలేదు. భర్త అన్న, అంటే ఆమె బావ, పొలాన్ని తన సేద్యంలో కలుపుకోవాలని చూస్తున్నాడని, పెద్దమనుషులు "ఒక పంట చూద్దాం" అని ఆమెకు గడువు ఇచ్చారని ఊరందరికీ తెలుసు. ఆ ఒక్క పంటే ఈ పసుపు.

"పంతులూ, రేపు నాకు కడాయి వంతు" అంది. "ఉడకేస్తే పది పదిహేను దినాలు బండ మీద ఎండాలె. నడుమ వాన గిట్ల వస్తే నా బతుకు నల్లగైతది. నీ డబ్బా ఏమంటున్నది, చెప్పు. ఉడకెయ్యాల్నా, ఆగాల్నా?"

కడాయి సంగతి చెప్పాలి. పసుపు కొమ్ములు ఉడికించే పెద్ద ఇనుప కడాయి గుట్ట కింద ఎనిమిది ఇళ్లకు ఒక్కటే ఉండేది. బండి మీద ఇంటింటికి తిరిగేది. వంతు వచ్చినప్పుడు వద్దంటే, మిగిలిన ఏడిళ్లూ అయ్యాకనే మళ్లీ వస్తుంది. అంతదాకా తవ్విన కొమ్ములు కుప్పలో కుళ్లిపోవచ్చు. కాబట్టి ఆమె ఊరికే అడగడం లేదు.

నేను ఉష్ణమాపకం వైపు కూడా చూడలేదు. చెయ్యెత్తి గుడి వైపు చూపించాను.

"అక్కా, అక్కడ సప్తాహం మొదలైంది. ఏడు రోజులు నామం ఆగదు. నామం సాగుతుంటే పసుపు మీద చినుకు పడనిస్తాడా స్వామి? ఉడకెయ్యి."

ఆమె నన్ను కాసేపు చూసింది. "నువ్వు సర్కారు మనిషివి. నీ మాట మీద ఏస్తున్న" అని వెళ్లిపోయింది.

నాయనలారా, ఆ మాట నేను భక్తితోనే అన్నాను. అదే ఇబ్బంది. అబద్ధమని తెలిసి అన్న మాటను మనిషి ఎప్పుడో ఒకప్పుడు దిద్దుకుంటాడు. భక్తితో అన్న మాటను దిద్దుకోవాలంటే చేతులు రావు.

రెండో రోజు మధ్యాహ్నానికి గాలి తిరిగింది. తూర్పు నుంచి వీస్తున్నది ఉత్తరం నుంచి వీయసాగింది. పలచటి మబ్బు వచ్చింది, పోయింది. మూడో రోజు కండువా కప్పుకోనిదే బయటికి రాలేకపోయాం. పొద్దున ఒకసారి చూడవలసిన ఉష్ణమాపకాన్ని నేను ఆ రోజు ఏడుసార్లు చూశాను. గుడికి పోతే కచేరీలో ఏమైందో అనిపించేది. కచేరీకి పోతే గుడిలో వీణె మారే వేళ తప్పుతుందేమో అనిపించేది. ఒక్కచోట కాలు నిలవలేదు.

ఆ సాయంత్రమే మొదటి తార్ వచ్చింది. తార్ అంటే టెలిగ్రామ్. పాలా పడే ప్రమాదం ఉంది, తోటల వాళ్లను హెచ్చరించండి అని అందులో ఉంది. పాలా అంటే నేలమీద మంచు గడ్డకట్టడం. మా ఇన్‌స్పెక్టర్ సాబ్ పర్యటనకు పోతూ ఒకే ఒక్క హుకుం ఇచ్చి పోయాడు. "మియా, తార్ వస్తే చాయ్ కూడా తాగొద్దు. ముందు డప్పు."

డప్పు కొట్టి చాటేవాడు మా భజనలో తాళం వేసేవాడే. అతణ్ని పిలిచి చెప్పాను. బజారులో చాటుతుంటే నేనూ వెంట నడిచాను. ఆర్మూరు వాళ్లు పాలా ఎన్నడు చూశారు?

"ఆకాశం నుంచి పాలు పడుతయట! గిన్నెలు తీసి వాకిట్ల పెట్టుండ్రి!" అన్నాడు ఒక దుకాణదారు.

"పంతులు వాన డబ్బను పాల డబ్బ జేసిండు" అన్నాడు పక్కవాడు.

చాటేవాడు నాకేసి చూసి గొంతు తగ్గించాడు. "పంతులూ, నాకు గూడ నవ్వొస్తున్నది. గట్టిగ కొట్టాల్నా, మెల్లగ కొట్టాల్నా?"

"గట్టిగనే కొట్టు" అన్నాను. నవ్వినా సరే, తమలపాకు తోటల వాళ్లు మాత్రం విన్నారు. చెత్త పోగేసి తోటల చుట్టూ పొగ పెట్టుకున్నారు.

నాలుగో రోజు తెల్లవారకముందే చెక్కపెట్టె తెరిచాను. పాదరసం నేను ఎన్నడూ చూడని గీత దాకా దిగి ఉంది. పరుగులాంటి నడకతో గుట్ట కిందికి పోయాను. గుట్ట పక్కన పల్లంలో, వాగు ఒడ్డున, వరిగడ్డి మీద తెల్లగా ఏదో చల్లినట్లుంది. వేలితో తాకితే చురుక్కుమని కరిగిపోయింది. ఆమె అప్పటికే అక్కడ ఉంది. ఉడికించిన కొమ్ములను పరుపుబండ మీద, అంటే అక్కడ నేల మీద పరుచుకుని ఉండే చదును రాతి మీద, కుప్పగా చేసి గడ్డి కప్పి కాపలా ఉంది.

"గిది ఉప్పా, పంతులూ?"

"పాలా, అక్కా."

"గింతేనా? దీనికేనా డప్పు కొట్టిచ్చింది?" గడ్డి తీసి కొమ్ములను తడిమి చూసింది. "నా పసుపుకైతే ఏం గాలె. పో, చలిల ఎందుకు నిలబడ్డవు? జెర మంట కాగిపో."

చిక్కుడు తీగలు కొన్ని నల్లబడ్డాయి. తమలపాకు తోటలు నిలబడ్డాయి. ఆ పొద్దున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సాయంత్రం భజనలో రెండు చేతులూ ఎత్తి, "స్వామి పాలాను మన ఊరి పొలిమేర నుంచే వెనక్కి పంపాడు! నామం ఉన్నచోటికి ఆపద రాదు!" అన్నాను. అందరూ హరినామం ఘోషించారు. ముందు రోజు నవ్విన దుకాణదారు నా కాళ్లకు మొక్కబోయాడు. తెల్లవార్లూ పొగలో దగ్గుతూ కూర్చున్న తోటల రైతులకు మాత్రం నా నోటి నుంచి ఒక్క మంచి మాట దక్కలేదు.

ఐదో రోజు మళ్లీ ఉక్క. కండువాలు విప్పి విసురుకున్నాం. మధ్యాహ్నం గాలి పూర్తిగా చచ్చిపోయింది. ఆకు కదల్లేదు. ఎందుకో నాకు కుదురు లేదు. మాటిమాటికి పడమటి దిక్కు చూస్తూ పహరా జాబితాలో ఒకే పేరు రెండు జాములకు రాసి తిట్లు తిన్నాను.

ఆరో రోజు పొద్దున పది గంటల పహరా నాదే. స్నానం చేసి, తడిబట్టతో గుడి మెట్లు ఎక్కుతుండగా పోస్టు జవాను ఎదురొచ్చి కాగితం చేతిలో పెట్టాడు. పోస్టాఫీసులో ఉర్దూలో రాసిచ్చిన తార్. పడమటి నుంచి గాలివాన, వడగళ్లు రావచ్చు. ఆరుబయట ఉన్న పంటను కాపాడుకొమ్మని చెప్పండి. అంతే.

తలెత్తి చూశాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

ఇప్పుడు నిజం రాయాలి. నేను మరిచిపోలేదు. అర్థం కాక కాదు. రెండు రోజుల కిందటే నామం ఉన్నచోటికి ఆపద రాదని చేతులెత్తి చెప్పిన నోటితో, వడగళ్లు వస్తున్నాయని ఎట్లా చాటించను? డప్పు కొట్టేవాడు గుడిలో తాళం వేస్తున్నాడు. అతణ్ని లేపి పంపితే అందరూ అడుగుతారు. "ఏం పంతులూ, నీ నమ్మకం ఇంతేనా?" అంటారు. తార్‌ను మడిచాను. లోపలికి పోయి స్వామి పాదాల దగ్గర పెట్టాను. "నువ్వే చూసుకో తండ్రీ" అన్నాను. అప్పుడు అది నాకు శరణాగతిలాగే కనిపించింది. వీణె అందుకుని భుజాన వేసుకున్నాను. ఇక మూడు గంటలు నామం తప్ప మరో మాట ఆడకూడదు. ఆ నియమం నాకు ఆ రోజు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నోరు నామం చెబుతోంది. కళ్లు తలుపు వైపే ఉన్నాయి. గడప మీద ఎండ జరుగుతోంది. ఒక గంట గడిచింది. రెండు గడిచాయి. ఉక్కకు వీణె మోస్తున్న భుజం నుంచి చెమట కారుతోంది.

అప్పుడు గాలి వచ్చింది. ఒక్క విసురు. దీపం వంగి మళ్లీ నిలిచింది. స్వామి పాదాల దగ్గరి కాగితం లేచి, నేల మీద జారుకుంటూ పోయి భజన పెద్ద మోకాలికి తగిలి ఆగింది.

భజన పెద్ద పసుపు కొని అమ్మే అడ్తి సావుకారు. డెబ్బై దాటినవాడు. ఆయన కంటిచూపుకే తాళాలు సర్దుకునేవి. ఉర్దూ బాగా చదువుతాడు. కాగితం విప్పి చదివాడు. కిందా మీదా చూశాడు. లేచి నా ముందుకు వచ్చాడు.

"గిది ఎప్పుడొచ్చింది?"

నేను నామం ఆపలేదు. తల దించుకున్నాను.

"వీణె పట్టినోడు మాట్లాడొద్దని నాకు ఎరికే. అయినా అడుగుతున్న. పొద్దుగాల వచ్చిందా?"

తల ఊపాను.

"అరె పిలగా!" ఆయన గొంతు పెంచలేదు. "ఊరికి చెప్పుమని స్వామి నీ చేతికి జాబు పంపిండు. నువ్వేమో ఆ జాబును తిప్పి ఆయనకే పంపినవు. ఆయనకు తెల్వదా వాన ఎప్పుడొస్తదో? తెల్వంది గాడ బండల మీద పసుపు ఎండవోసుకున్నోళ్లకు!"

భజన నెమ్మదించింది. ఎవరో "నామం ఆగొద్దు, ఆగొద్దు" అన్నారు. ఇంకెవరో, "సప్తాహం విడిచి ఎట్ల పోతం? ఇంకొక్క దినమే ఉన్నది" అన్నారు.

ముసలాయన వాళ్లవైపు తిరిగాడు. "వీణె కింద పెట్టొద్దన్నరు. నామం ఆపొద్దన్నరు. గడప దాటొద్దని ఎవరన్నరు? మీ తాత చెప్పిండా? ఇద్దరు ముసలమ్మలు దీపం కాడ కూసుండి నామం చెప్పుండ్రి. కడమోళ్లు నడువుండ్రి. వీణె ముందల, జనం ఎనుక. ఓయ్, నువ్వు తాళం పడెయ్యి, డప్పు తీస్కొని ఉరుకు!"

అట్లా మా సప్తాహం గడప దాటింది. నేను వీణెతో ముందు, నలభై మంది వెనుక. "విఠల, విఠల" అంటూ పరుగు. పడమటి దిక్కు అప్పటికే సీసం రంగుకు తిరిగింది. దారి పొడుగునా కల్లాలే. మొదటి కల్లం వచ్చేసరికి ఆ కల్లం వాడు గుంపులోంచి తప్పుకున్నాడు. రెండో దగ్గర ఇంకో ముగ్గురు. తప్పు పట్టలేం, ఎవరి పసుపు వాళ్లది. ముసలాయన తన కల్లం ముందుకు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగాడు. జీతగాణ్ని పేరు పెట్టి పిలిచి, "గోనెలు కప్పు!" అని అరిచి మళ్లీ నడిచాడు. గుట్ట కింద చివరి బండకు చేరేసరికి నలభై మందిలో పదకొండు మందిమి మిగిలాం.

మాకంటే ముందే వడగళ్లు చేరాయి.

బండ మీద పడ్డ రాయి ఒక్కొక్కటీ పగిలి ఎగురుతోంది. ఆమె ఒక్కతే చాపతో, తట్టతో, చివరికి కట్టుకున్న కొంగుతో కొమ్ములు ఊడ్చి కుప్ప చేస్తోంది. నెత్తి మీద రాళ్లు పడుతున్నా తల ఎత్తలేదు. సగం కుప్పకు వచ్చింది. సగం బండ మీదే పరుచుకుని ఉంది. నీళ్లు పసుపుపచ్చగా వాగులోకి పారుతున్నాయి. మావాళ్లు దూకి ఏరడం మొదలుపెట్టారు. నామం ఆగలేదు. చేతులు ఏరుతున్నాయి, నోళ్లు విఠలుణ్ని పిలుస్తున్నాయి.

నేను నిలబడి ఉన్నాను. వీణె నా భుజాన ఉంది. దాన్ని నేలకు ఆనించరాదు. చేతులు ఖాళీ లేవు. నోట్లో నామం తప్ప మరో మాట లేదు. ఎవరి పసుపు నా మాట మీద ఉడికిందో, ఆమె పక్కనే మొద్దులా నిలబడి వానలో తడుస్తున్నాను.

ఆమె అప్పుడు తల ఎత్తింది. నన్ను చూసింది. వీణెను చూసింది.

"పాట తర్వాత పాడుదువు గాని, పంతులూ! గా వీణె ఎవలకన్న ఇయ్యి. చేతులు ఖాళీ జేస్కో!"

నా కాళ్లు కదల్లేదు. నా జాము ఇంకా ముగియలేదు. నాయనలారా, అంతటి వానలో కూడా నాకు అదే తోచింది, జాము ముగియలేదని. ముసలాయన వచ్చి నా భుజం మీది నుంచి వీణెను తానే తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. "ఏరు" అన్నాడు. ఆ వయసులో, ఆ రాళ్లవానలో, కదలకుండా నిలబడి నామం చెబుతూ ఉన్నాడు. నేను మోకాళ్ల మీద పడి ఏరాను.

వాన అరగంట కంటే ఎక్కువ లేదు. వెలిసిన తర్వాత ఎండ కూడా వచ్చింది, ఏమీ జరగనట్లు.

డప్పు విన్న కల్లాలన్నీ చాలావరకు దక్కాయి. ఆమెది సగం తడిసింది. సగం ఎండిన కొమ్ముకు నీళ్లు తగిలితే రంగు చచ్చిపోతుంది, పైన నల్లమచ్చలు లేస్తాయి. డప్పు పది గంటలకే మోగి ఉంటే, ఆమె ఒక్కతే అయినా ఎండపొద్దులో మొత్తం ఎత్తి పెట్టుకునేది. దీనికి పెద్ద లెక్క అక్కరలేదు.

ఎనిమిదో రోజు సప్తాహం ముగింపు భోజనాలు. ఊరంతా గుడి ఆవరణలో ఉంది. పొలం సంగతి తేల్చవలసిన పెద్దమనుషులూ ఉన్నారు. ఆమె బావ ఒక గుప్పెడు మచ్చలు పడ్డ కొమ్ములు తెచ్చి వాళ్ల ముందు పోశాడు.

"చూడుండ్రి. ఆడిది పసుపు జేస్తే గిట్లనే ఉంటది. మబ్బు చూసుడు తెల్వదు, ఎత్తుకునుడు తెల్వదు. పక్క కల్లాలన్ని పచ్చగున్నయి, గీమెది ఒక్కటే నల్లగైంది. ఇగ పొలం నా చేతికియ్యుండ్రి."

ఆమె స్తంభం పక్కన నిలబడి ఉంది. నావైపు చూడలేదు. చూసి ఉంటే నాకు సులువయ్యేది.

నాలుగు రోజుల కిందట చేతులెత్తి స్వామి మహిమ చెప్పిన చోటే మళ్లీ లేచి నిలబడ్డాను. ఈసారి చేతులెత్తలేదు.

"తప్పు ఆమెది కాదు. ఉడకెయ్యమన్నది నేను. డబ్బా చూసి చెప్పలేదు, నోటికి వచ్చినట్లు చెప్పాను. ఆరో రోజు పదింటికి తార్ వస్తే, నా మాట పోతుందని చాటించలేదు. స్వామి మీద భారం వేశానని అనుకున్నాను. నా పరువును స్వామి వెనుక దాచుకున్నాను. ఆమె పొలం చివరిది, మేము చివరికి పోయాం. ఆమె చేసిన సేద్యంలో లోపం లేదు."

ఎవరూ హరినామం ఘోషించలేదు. దుకాణదారు మెల్లగా, "మొన్న పాలా దేవుడు ఆపిండు, మరి వాన పంతులు ఆపలేకపాయెనా?" అన్నాడు. కొందరు నవ్వారు. నవ్వనీ. ఆ నవ్వు నేను సంపాదించుకున్నదే.

బావ లేచాడు. "పంతులు తప్పైతే పంతులు పొలం ఇస్తడా?"

పెద్దమనుషుల్లో ఒకాయన ఒక పచ్చటి కొమ్మును, ఒక మచ్చల కొమ్మును పక్కపక్కన పెట్టి విరిచి లోపల చూశాడు. "కొమ్ము బలంగనే ఉన్నది. పండిచ్చుడు వచ్చినోళ్లే పండిచ్చిండ్రు. వాన సంగతి వేరే. ఇంకో పంట ఆమెనే చేసుకోనియ్యి" అన్నాడు. భజన పెద్ద తల ఊపాడు. బావ గొణుక్కుంటూ విస్తరి ముందు కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టర్ సాబ్ పర్యటన నుంచి వచ్చాడు. ఆయన ఐదు పూటలా నమాజు తప్పనివాడు. జరిగింది విన్నాడు. తార్‌ల పుస్తకం నా ముందుకు జరిపాడు. "ఎప్పుడొచ్చిందో రాయి. ఎప్పుడు చాటించినవో రాయి. నడుమల గంటలు ఏం చేసినవో అది గూడ రాయి, మియా." రాశాను. ఆయన చదివి పుస్తకం మూశాడు. "నమాజుల నిలబడ్డ మనిషైనా, ఎవడన్న బావిల పడుతుంటే నమాజు విడిచి ఉరకాలె. మా దగ్గర గట్లనే నేర్పుతరు. మీ దగ్గర నేర్పరా?"

"నేర్పుతారు సాబ్" అన్నాను. "నేనే నేర్చుకోలేదు."

మర్నాడు సెలవు పెట్టి గుట్ట కిందికి పోయాను. ఏం చేయాలో తెలియక పోయాను. ఆమె నన్ను చూసి బండ మీద ఒక పక్కకు జరిగింది. "కూసో. పచ్చయి ఒకదిక్కు, నల్లయి ఒకదిక్కు ఏరు" అంది. ఎండలో మూడు రోజులు ఏరాను. పుణ్యం కోసమని చెప్పుకోను. ఆమె ఏరమంది, ఏరాను.

మొదటి రోజు ఆమె నాకు వీపు పెట్టి ఏరింది. రెండో రోజు చేదబావి నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. మూడో రోజు పొద్దు వాలుతుంటే నేనే అడిగాను. "అక్కా, గుళ్లో అందరి ముందు చెప్పాను. నీ మనసు కొంచెమైనా చల్లబడిందా?"

ఆమె చేతిలోని కొమ్మును తిప్పి చూసి నల్లవాటిలో వేసింది.

"చెప్పినవు, మంచిదే. పొలం నిలిచింది. గాని గీ నల్లగైంది నువ్వు చెప్తే పచ్చగైతదా?" ఇంకో కొమ్ము తీసుకుంది. "నీకు దేవుడు అవసరం. నాకు అవసరం లేదా? నేను గూడ పొద్దుగాల లేస్తనే మొక్కుత. గాని పంతులూ, మొక్కు దేవునికి మొక్కు. కబురు నాకు చెప్పు."

నేను నేర్చిన చదువంతా ఒక పక్క, ఆ మాట ఒక పక్క. తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. తార్ పోయి రేడియో వచ్చింది, ఇంకా ఏవేవో వచ్చాయి. కబురు చేతికి వచ్చిన ప్రతిసారీ, వినేవాడు నవ్వుతాడేమో, తిడతాడేమో, నా మాట తప్పవుతుందేమో అని గుండె జంకుతూనే ఉంది. అయినా ముందు పోయి చెప్పాను. వచ్చి ఆ తర్వాత దీపం పెట్టాను. అట్లా చేసిన రోజున నామం నోట్లో తేలికగా పలికేది.

ఇంతవరకు చదివిన మీరు, ఏ పేరుతో ఆయనను పిలిచేవారైనా సరే, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి ఈ ప్రార్థన చేయండి. స్వామీ, బతుకును ఆరుబయట ఎండబోసుకుని నీ ఆకాశం వైపు చూస్తున్నవాళ్లను కాపాడు. వాళ్లకంటే ముందుగా కబురు అందుకునే మాకు, దాన్ని నీ పాదాల దగ్గర దాచిపెట్టే భక్తిని ఇవ్వకు. లేచి వాళ్ల గడపకు నడిచే కాళ్లనివ్వు.